సొంత వాక్యం రాయగలిగిన యువత

(తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు అప్పగించిన అంశం యువత, రచన. సాహిత్యసభలో అయితే ఈ అంశంపై కథ గురించీ కవిత్వం గురించీ మాట్లాడి ముగించవచ్చు. ఇక్కడ కూర్చున్నవారిలో ఎక్కువమంది పిల్లల చదువు గురించి, ఉద్యోగం గురించి, భద్రత గురించి దిగులుపడుతున్న తల్లిదండ్రులు. కనుక రచనను ఆ దిగులుకు సంబంధించిన విషయంగానే చర్చిస్తాను. నా వాదన ఒక్కటే. తాను చెప్పే మాటకు ఆధారం ఏమిటో తానే పరీక్షించుకొని, దానిని సొంత వాక్యంగా కాగితంపై పెట్టగలిగిన యువకుణ్ని, యువతిని మోసగించడం కష్టం, భయపెట్టడం కష్టం, రెచ్చగొట్టడం మరింత కష్టం. ఆ సామర్థ్యం దానంతట అది రాదు. ఇంట్లో, మొహల్లాలో, బడిలో మనం పూనుకొని పెంచాలి.

మన గురించి రాసేవారికి కొదవ లేదు. వార్తాపత్రికలు రాస్తాయి, కమిటీలు రాస్తాయి, ఎన్నికల వేళ పార్టీలు రాస్తాయి, ద్వేషాన్ని వృత్తిగా పెట్టుకున్నవారు రాత్రింబవళ్లు రాస్తారు. ఈ రాతలన్నిటిలో మన పిల్లలు ఒక అంకెగానో, ఒక అనుమానంగానో, ఒక జాలిగానో కనిపిస్తారు. వారు స్వయంగా రాసిన పేజీ మాత్రం అరుదు. ఇతరులు తన గురించి రాసినదే చదువుతూ పెరిగిన బిడ్డ కొంతకాలానికి ఆ రాతనే అద్దమనుకొని తనను తాను అందులో చూసుకోవడం మొదలుపెడతాడు. ఆత్మవిశ్వాసం అక్కడే సన్నగిల్లుతుంది.

ఎక్కించుకోవడం వేరు, రాయడం వేరు

మా పిల్లలు రోజూ రాస్తూనే ఉన్నారు కదా అని మీరు అనవచ్చు. బోర్డు మీద ఉన్నది నోట్సులోకి ఎక్కించుకుంటారు. గైడులోని జవాబును కంఠస్థం చేసి పరీక్ష పేపరులో దింపుతారు. వ్యాసం రాసుకురమ్మంటే ఇప్పుడు ఫోనే రాసిపెడుతోంది. ఇవన్నీ చేతికి పని కల్పిస్తాయి, బుద్ధికి కల్పించవు. పదేళ్ల చదువులో "నువ్వేమనుకుంటున్నావు? ఎందుకలా అనుకుంటున్నావు?" అని ఒక్కరైనా అడగని విద్యార్థి, ఇంటర్వ్యూ గదిలో ఆ ప్రశ్న ఎదురైనప్పుడు తెల్లమొహం వేస్తే తప్పు అతనిది కాదు. ఆ ప్రశ్నను అతడు అప్పుడే మొదటిసారి వింటున్నాడు.

సొంతంగా రాయడానికి కూర్చున్నప్పుడు జరిగేది వేరు. మనసులో స్పష్టంగా ఉన్నట్టు తోచిన ఆలోచన కాగితం మీదకు వచ్చేసరికి తడబడుతుంది. ఒక వాక్యం రాయగానే తర్వాతి వాక్యం "దీనికి కారణం ఏమిటి?" అని నిలదీస్తుంది. మాట్లాడేటప్పుడు గొంతు పెంచి ఆ ప్రశ్నను దాటేయవచ్చు. నలుగురు తల ఊపితే అది నిజమనిపించవచ్చు. తెల్లకాగితం తల ఊపదు. అందుకే రచన ఆలోచనకు పరీక్ష. ఆ పరీక్షకు పదేపదే కూర్చున్నవారికి తమ మాటమీద కలిగే నమ్మకమే ఆత్మవిశ్వాసం. గట్టిగా మాట్లాడటాన్ని మనం తరచుగా ఆత్మవిశ్వాసమని పొరబడుతుంటాం. ఎదురుప్రశ్న వచ్చినప్పుడు నిలబడగలిగేదే అసలైన ఆత్మవిశ్వాసం.

పరిశీలన మనకు పరాయి విద్య కాదు

ప్రశ్నించడం, ఆధారం అడగడం పాశ్చాత్యుల నుంచి అరువు తెచ్చుకున్న అలవాటని కొందరు పెద్దలు భావిస్తారు. మన విద్యాచరిత్ర అందుకు సాక్ష్యమివ్వదు. హదీసు పండితులు ఒక మాటను స్వీకరించే ముందు ఎవరు ఎవరి నుంచి విన్నారో ఆ వరుసనంతా అడిగారు. ఆ వరుసలోని వ్యక్తులు నిజంగా కలుసుకున్నారా, వారి జ్ఞాపకశక్తి ఎలాంటిది, నిజాయితీ ఎలాంటిది అని విచారించారు. ఆ విచారణ కోసం వేలాది వ్యక్తుల జీవితవివరాలతో గ్రంథాలే కూర్చారు. ఇస్నాద్ అనే ఈ పద్ధతిని గౌరవించే సమాజం, ఎవరు పంపారో తెలియని ఒక వాట్సాప్ సందేశాన్ని క్షణంలో పదిమందికి పంపడం ఎంతటి వైరుధ్యమో ఆలోచించండి. వచ్చిన వార్తను విచారించకుండా నమ్మి ఎవరికైనా హాని తలపెట్టవద్దని హుజురాత్ అధ్యాయం హెచ్చరిస్తుంది. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు బఖరా అధ్యాయంలోనిది. అది అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాతపూర్వకంగా నమోదు చేసుకొమ్మని, సాక్షులను పెట్టుకొమ్మని బోధిస్తుంది. హక్కుకూ రాతకూ ఉన్న సంబంధం అంత పాతది.

చరిత్రరచనలోనూ ఇదే దృష్టి కనిపిస్తుంది. 1377లో ఇబ్న్ ఖల్దూన్ తన 'ముఖద్దిమా' రాశాడు. పూర్వ చరిత్రకారులు విన్నదల్లా రాసిపెట్టడం వల్ల జరిగే పొరపాట్లను ఆ గ్రంథం ఆరంభంలోనే ఆయన చర్చించాడు. మూసా ప్రవక్త కాలంలో ఇస్రాయీల్ సంతతి సైన్యం ఆరు లక్షలకు పైబడినదన్న మాటను మస్‌ఊదీ వంటి ప్రసిద్ధుడు రాసినా ఆయన అంగీకరించలేదు. అంత సైన్యాన్ని పోషించగల విస్తీర్ణం ఆ దేశానికి ఉందా? ఒకే యుద్ధభూమిలో అంతమంది బారులుతీరితే ఈ చివర జరిగేది ఆ చివరకు తెలుస్తుందా? నాలుగు తరాల్లో ఒక కుటుంబం అంతగా పెరుగుతుందా? ఆయన అడిగిన ప్రశ్నలు ఇవే. ఇందులో పెద్దలను తిరస్కరించే అహంకారం లేదు. అంకెను వాస్తవంతో పక్కపక్కన పెట్టి చూసే శ్రద్ధ ఉంది. ఈనాడు మన పిల్లలకు కావలసినది ఆ శ్రద్ధే.

ఆవేదన నుంచి అర్జీకి

ఈ శ్రద్ధ రోజువారీ జీవితంలో ఎలా పనికొస్తుందో చెప్పడానికి ఒక ఉదాహరణ ఊహిద్దాం. ఒక మండల కేంద్రంలోని ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి చదివే బాలికను ఒక పేజీ రాయమన్నాం. ఆమె "మా బడిలో ఉర్దూ టీచరు లేరు. మమ్మల్ని ఎవరూ పట్టించుకోరు" అని రాసింది. ఇది నిజమైన ఆవేదన. కాని ఈ వాక్యాన్ని ఏ అధికారి అయినా చిరునవ్వుతో పక్కన పెట్టేయగలడు. ఇప్పుడు ఆమెను మందలించకుండా నాలుగు ప్రశ్నలు అడుగుదాం. ఎప్పటి నుంచి లేరు? ఉర్దూ చదవవలసినవారు ఎంతమంది ఉన్నారు? మంజూరైన పోస్టు ఉందా, లేదా? ఎవరికి చెప్పారు, వారేమన్నారు? ఆమె వారం రోజులు తిరిగి ఈ నాలుగింటికీ జవాబులు రాసుకొస్తుంది. ఒక ప్రశ్నకు జవాబు దొరకదు. మంజూరైన పోస్టు సంగతి ఎవరూ చెప్పరు.

ఆ దొరకని జవాబు కోసం చట్టం ఉంది. సమాచార హక్కు చట్టం 2005 ప్రకారం ఆమె తరఫున తల్లిగాని తండ్రిగాని తెలుగులోనే దరఖాస్తు చేయవచ్చు. ఎందుకు అడుగుతున్నారో కారణం చెప్పనక్కరలేదు. సాధారణంగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఇవ్వకపోతే అప్పీలు చేసుకోవచ్చు. రాయడం రానివారు నోటితో చెబితే ఆ విజ్ఞప్తిని లిఖితరూపంలోకి తేవడానికి సమాచార అధికారే సహాయపడాలని కూడా అదే చట్టం చెబుతోంది. నెల తిరిగేసరికి ఆ బాలిక చేతిలో "మమ్మల్ని ఎవరూ పట్టించుకోరు" అన్న నిట్టూర్పు ఉండదు. తేదీలు, సంఖ్యలు, కార్యాలయం ముద్ర ఉన్న కాగితం ఉంటాయి. పోస్టు భర్తీ అవుతుందో లేదో నేను హామీ ఇవ్వలేను. అధికారి ముందు నిలబడ్డప్పుడు ఆమె కాళ్లు వణకవని మాత్రం చెప్పగలను.

సమాజం మొత్తానికీ ఇదే వర్తిస్తుంది. ముస్లింలు వెనుకబడి ఉన్నారన్న మాటను దశాబ్దాలుగా సభల్లో చెప్పుకున్నాం. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చాక ఆ మాటకు బలం పెరిగింది. 2001 జనగణన ప్రకారం దేశ అక్షరాస్యత 65.1 శాతం కాగా ముస్లింలలో అది 59.1 శాతమని, 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది అసలు బడికి వెళ్లలేదు లేదా మధ్యలో మానేశారని ఆ నివేదిక నమోదు చేసింది. అప్పటి నుంచి ఈ విషయంపై జరిగే ప్రతి చర్చా ఆ నివేదికను దాటిపోలేకపోతోంది. మనం ఏళ్ల తరబడి చేసిన ఫిర్యాదు ఒక లెక్కగా మారినప్పుడు దాన్ని తోసిపుచ్చడం ఎవరికీ సాధ్యం కాలేదు. ప్రతి మొహల్లాకూ అలాంటి చిన్న నివేదిక ఒకటి అవసరం. దాన్ని రాయవలసింది ఢిల్లీ నుంచి వచ్చేవారు కాదు, ఆ మొహల్లాలోని ఇంటర్ విద్యార్థులే.

ఏ భాషలో రాయాలి?

మన పిల్లలు కలం పట్టగానే ఎదురయ్యే మొదటి అడ్డంకి భాష. ఇంట్లో దక్కనీ ఉర్దూ. వీధిలో తెలుగు. మదర్సాలో అరబీ. బడిలో ఇంగ్లీషు. నాలుగు భాషలు చెవిన పడే బిడ్డ నిజానికి సంపన్నుడు. కాని అతనికి మనం నేర్పింది సిగ్గు. "నీ తెలుగులో యాస ఉంది" అని ఒకరు నవ్వుతారు. "నీ ఉర్దూ శుద్ధమైనది కాదు" అని ఇంకొకరు గద్దిస్తారు. "ఇంగ్లీషు వాక్యం కూడా సరిగ్గా రాదు" అని మూడోవారు పెదవి విరుస్తారు. దూదేకుల కుటుంబాల పిల్లలకైతే ఇంట్లోనూ తెలుగే కనుక, "నువ్వు ముస్లింవేనా?" అన్న ప్రశ్న అదనం. ఇన్ని నవ్వుల మధ్య పిల్లలు మౌనాన్ని ఎంచుకుంటారు.

ఈ మౌనాన్ని తెలుగు ముస్లిం రచయితలు ఇప్పటికే ఒకసారి బద్దలుకొట్టారు. ఇరవయ్యో శతాబ్దం తొలి అర్ధభాగంలోనే పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా తెలుగు పద్యకవిగా, పండితుడిగా పేరుపొందారు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో 'జల్‌జలా' కవితా సంకలనం, 2004లో 'వతన్' కథా సంకలనం స్కైబాబ సంపాదకత్వంలో వెలువడ్డాయి. షాజహానా 'నఖాబ్' ముస్లిం స్త్రీ గొంతును కవిత్వంలో వినిపించింది. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' నెల్లూరు సీమ ముస్లిం ఇంటి బాల్యాన్ని ఆ సీమ తెలుగులోనే చెప్పాయి. కడప జిల్లా వేంపల్లె పేరును తన పేరులో నిలుపుకొన్న వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథల సంపుటికి 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించింది. వీరి రచనల్లో అమ్మీ, అబ్బా, దస్తర్‌ఖాన్, పీర్ల చావిడి, సేమియా వంటి మాటలు క్షమాపణ కోరకుండా తెలుగు వాక్యంలో కూర్చున్నాయి. తెలుగు పాఠకులు వాటిని తమవిగానే చదువుకున్నారు.

కనుక పిల్లలకు మనం చెప్పవలసినది ఇది: ముందు నీకు ఏ భాషలో కోపం వస్తుందో, ఏ భాషలో నవ్వొస్తుందో ఆ భాషలో రాయి. కలిపి రాసినా సరే. దక్కనీని తెలుగు లిపిలో రాసినా సరే. విషయం పుట్టాక దాన్ని పరీక్షకు తగిన తెలుగులోకో, దరఖాస్తుకు తగిన ఇంగ్లీషులోకో మార్చుకోవడం నేర్చుకోవచ్చు. విషయమే పుట్టకపోతే మార్చడానికి ఏమీ మిగలదు.

అమ్మాయిల చేతిలో కలం

బేగం రుఖియా సఖావత్ హుసేన్ 1880లో ఇప్పటి బంగ్లాదేశ్‌లోని రంగపూర్ ప్రాంతంలో, కఠినమైన పరదా పాటించే కుటుంబంలో పుట్టారు. ఆడపిల్లలకు బంగ్లా, ఇంగ్లీషు నేర్పడం ఆ ఇంట్లో సమ్మతం కాదు. ఆమె అన్న ఇబ్రహీం ఇల్లంతా నిద్రపోయాక దీపపు వెలుగులో చెల్లెలికి ఆ భాషలు నేర్పాడు. ఆమె రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' అనే ఇంగ్లీషు కథ 1905లో మద్రాసు నుంచి వెలువడే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో అచ్చయింది. ఆ పత్రిక సంపాదకురాలు కమలా సత్యనాథన్ మన రాజమండ్రిలో పుట్టిన మహిళ. ఎక్కడో బెంగాల్, బీహార్ ప్రాంతపు ముస్లిం గృహిణి రాసిన కథకు ఒక తెలుగునేల ఆడపడుచు పత్రికలో చోటు దొరకడం మనం గుర్తుంచుకోవలసిన సంగతి.

ఆ కథలో స్త్రీలు దేశాన్ని నడుపుతారు, పురుషులు ఇంటిలోపల ఉంటారు. హాని చేయగలవారిని స్వేచ్ఛగా వదిలి, హానికి గురయ్యేవారిని లోపల ఉంచడం ఏ తర్కమన్నది కథంతటా వినిపించే ప్రశ్న. ప్రశ్నను తలకిందులు చేసి చూడటం విమర్శనాత్మక ఆలోచనలో మొదటి మెట్టు. ఆమె కథతో ఆగలేదు. భర్త మరణించాక ఆయన పేరిట బాలికల పాఠశాల స్థాపించి, 1911లో కలకత్తాలో ఎనిమిదిమంది విద్యార్థినులతో దాన్ని నడిపారు. బండి ఏర్పాటు చేసి, ఇంటింటికీ తిరిగి తల్లిదండ్రులను ఒప్పించారు. రచన ఆమెకు ధైర్యమిచ్చింది, ఆ ధైర్యం బడిని కట్టింది. మన హైదరాబాదులోనూ సుగ్రా హుమాయూన్ మీర్జా స్త్రీల కోసం ఉర్దూ పత్రిక నడిపి, బాలికల పాఠశాలను నెలకొల్పారు.

ఇక్కడున్న తండ్రులకూ అన్నలకూ నా మనవి. రుఖియా కథలో ఆ అన్న పాత్రను మరొకసారి తలచుకోండి. అతడు చెల్లెలి తరఫున రాయలేదు. దీపం పట్టుకున్నాడు. మనం చేయవలసింది అంతే. ఇంటిపని నుంచి రోజుకు అరగంట విడుదల, ఎవరూ విప్పి చూడని ఒక నోటుపుస్తకం, రాసింది చదివి వినిపిస్తానంటే నవ్వకుండా వినే ఒక శ్రోత. ఇంతకంటే ఖర్చైన ఏర్పాటేదీ అక్కరలేదు.

భయం గురించి

"రాస్తే కేసులవుతాయి. కాలం బాగాలేదు. మా వాణ్ని ఎందుకు ఇరికిస్తారు?" తల్లిదండ్రుల మనసులోని ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. ఒక పోస్టు కారణంగా పోలీసు స్టేషను మెట్లెక్కిన కుటుంబాల క్షోభ మనకు తెలుసు. భావప్రకటన స్వేచ్ఛను రాజ్యాంగం 19వ అధికరణలో హామీ ఇచ్చింది. దానికి సహేతుకమైన పరిమితులు కూడా అక్కడే ఉన్నాయి. ఆన్‌లైన్ వ్యాఖ్యలపై అరెస్టులకు దారితీసిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను 2015లో సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్ కేసులో కొట్టివేసింది. అయినా ఇతర సెక్షన్లు ఉన్నాయి. జాగ్రత్త అవసరమే.

ఆ జాగ్రత్తను నేర్పేది మాత్రం రచనా శిక్షణే. ఇబ్బందుల్లో పడే పిల్లల్లో చాలామంది ఏదీ రాసినవారు కాదు. ఎవరో తయారుచేసిన వీడియోను, ఎవరో రెచ్చగొట్టిన మాటను ఆలోచించకుండా ముందుకు నెట్టినవారు. "ఇది ఎవరు చెప్పారు? ఎప్పటిది? ఎక్కడిది? ఇది వ్యాపిస్తే ఎవరికి లాభం?" అని కాగితంపై రాసుకొనే అలవాటున్న యువకుడి వేలు ఆ మీట నొక్కే ముందు ఆగుతుంది. తిట్టుకూ విమర్శకూ, ఒక వ్యక్తి చేసిన పనికీ ఒక మతానికీ, వదంతికీ వాస్తవానికీ తేడా రాతలోనే తేటపడుతుంది. నోరు మూయించి పిల్లలను కాపాడగలమనుకుంటే, మూసిన నోటి వెనుక కోపం పేరుకుపోతుంది. దాన్ని వాడుకోవడానికి బయట ఎందరో కాచుకొని ఉన్నారు.

మనల్ని ప్రశ్నిస్తే?

ఇప్పుడు కొంచెం ఇబ్బందికరమైన మాట చెప్పాలి. పిల్లలు ప్రభుత్వాన్ని ప్రశ్నిస్తే చప్పట్లు కొడతాం. పత్రికల పక్షపాతాన్ని ఎత్తిచూపితే మెచ్చుకుంటాం. అదే కలంతో "మెహర్ ఇవ్వవలసిన చోట జోడా డబ్బు ఎందుకు తీసుకుంటున్నాం?" అని రాస్తే? "అన్నకు కోచింగు, నాకు పెళ్లిచూపులు ఎందుకు?" అని కూతురు అడిగితే? "మన వీధిలోని వక్ఫ్ దుకాణాల అద్దె లెక్కలు ఎక్కడ?" అని మసీదు గోడమీద కాగితం అంటిస్తే? "మనలోనే దూదేకులవారిని, ఫకీర్లను తక్కువగా ఎందుకు చూస్తాం?" అని నిలదీస్తే?

అప్పుడు మన ముఖాల్లో కనిపించే రంగునుబట్టి పిల్లలు పాఠం నేర్చుకుంటారు. ఆ కాగితాన్ని చింపితే, ప్రశ్న అనేది శత్రువుపై విసిరే రాయి మాత్రమేనని వారికి అర్థమవుతుంది. కూర్చోబెట్టి, "నీ దగ్గరున్న ఆధారమేమిటి? మా వైపు మాట కూడా విని రాస్తావా?" అని అడిగితే, ప్రశ్న అనేది న్యాయం కోసం వాడే పనిముట్టని తెలుస్తుంది. బయటివారి అన్యాయాన్ని మాత్రమే చూడటం నేర్చిన యువత సులభంగా ఎవరో ఒకరి వెంట గుంపుగా నడుస్తుంది. తనవారి తప్పును కూడా సభ్యతతో, ఆధారంతో చెప్పగలిగిన యువతే రేపు నాయకత్వం వహించగలదు.

ఎలా మొదలుపెట్టాలి?

ఆచరణ గురించి కొన్ని సూచనలు చేసి ముగిస్తాను. వారానికి ఒక గంట చాలు. మసీదు ఆవరణలోని గది, లైబ్రరీ, ఒకరి ఇంటి వరండా, ట్యూషను చెప్పే హాలు ఏదైనా సరే. మైనారిటీ గురుకులాల ఉపాధ్యాయులు ఇక్కడ ఉంటే, హాస్టలులో ఆదివారం మధ్యాహ్నం ఇందుకు అనువైన వేళ. పదిమందికి మించకుండా, అమ్మాయిలు సౌకర్యంగా కూర్చునే విధంగా ఏర్పాటు ఉండాలి.

మొదటిది, పేజీని మూడు భాగాలు చేయించండి: నేను చూసింది, నేను విన్నది, నేను అనుకుంటున్నది. ఏదైనా ఒక సంఘటన తీసుకొని ఈ మూడు గళ్లను నింపమనండి. చాలామందికి మొదటి గడి దాదాపు ఖాళీగా మిగులుతుంది. ఆ ఖాళీని చూడటమే పెద్ద పాఠం.

రెండవది, ఇంట్లో ఒక పెద్దమనిషి పనిని గురించి రాయించండి. అబ్బా మెకానిక్ షెడ్డు, లాడ్‌బజారులో లక్కగాజులు చేసే మామూ, బీడీలు చుట్టే నానీమా. రోజుకు ఎన్ని గంటలు, ముడిసరుకు ఎక్కడిది, చేతికి ఎంత వస్తుంది, నడుము ఎక్కడ నొప్పి పెడుతుంది అని అడిగి రాయమనండి. పిల్లలకు ప్రశ్నలు వేయడం వస్తుంది. తమ ఇంటి శ్రమపట్ల సిగ్గు పోయి గౌరవం పుడుతుంది.

మూడవది, తాము అంగీకరించని అభిప్రాయాన్ని ఒక పేరా రాయించండి. ఆ అభిప్రాయమున్న వ్యక్తి చదివితే "అవును, నేనన్నది ఇదే" అనేటంత న్యాయంగా ఉండాలి. జవాబు రాయడం ఆ తర్వాతే. ఇది అన్నిటికంటే కష్టమైన అభ్యాసం, అన్నిటికంటే ఉపయోగకరమైనది కూడా.

నాలుగవది, అక్షరదోషాలను చివర దిద్దండి. మొదటి రోజే ఎర్రసిరా కనిపిస్తే రెండోవారం ఆ బిడ్డ రాదు. ముందు విషయం గురించి రెండు ప్రశ్నలు అడగండి. వాటికి జవాబుగా రెండోసారి రాయమనండి. ఒకే పేజీని రెండోసారి రాసినప్పుడే తాను ఎదిగానని రాసినవారికి స్వయంగా తెలుస్తుంది. దోషాల సంగతి మూడోసారి చూసుకోవచ్చు.

ఐదవది, చదివేవారిని చూపించండి. బిగ్గరగా చదివి వినిపించాలి. బాగున్నవాటిని చార్టు మీద అతికించి గోడపత్రికగా పెట్టాలి. నెలకొక లిఖిత పత్రిక తీయవచ్చు. స్థానిక సమస్యపై ఒక లేఖ పత్రికా సంపాదకునికి, ఒక అర్జీ తహసీల్దారుకు వెళ్లాలి. జవాబు వచ్చినా రాకపోయినా, పంపిన తేదీతో నకలు దాచుకోవడం నేర్పాలి. పేరు బయటపెట్టడం ఇష్టంలేని అమ్మాయిలు కలంపేరుతో రాస్తారు. ఆ ఎంపిక వారిదే.

చివరగా, నడిపేవారికి ఒక మాట. మీరు రచయితలు కానక్కరలేదు. మీ అభిప్రాయాలను వారి చేత రాయించాలన్న కోరికను అదుపులో పెట్టుకుంటే చాలు. పిల్లలు మన నినాదాలనే తిరిగి రాసి ఇస్తుంటే, గైడు స్థానంలో మనల్ని పెట్టుకున్నారని అర్థం. మనతో విభేదించే మొదటి పేజీ వచ్చిన రోజున ఆ గంట సార్థకమైందని లెక్క.

సోదర సోదరీమణులారా, మన పిల్లలకు ఇళ్లూ పొలాలూ ఇవ్వగలిగినవారు మనలో కొద్దిమందే. "నాకిది తెలుసు, ఇలా తెలుసు" అని నిలబడి చెప్పగల శక్తిని ఇవ్వడానికి ఆస్తిపాస్తులు అక్కరలేదు. వచ్చే ఆదివారం మీ మొహల్లాలో పదిమంది పిల్లలను, పది నోటుపుస్తకాలను ఒకచోట చేర్చండి. మొదటి పేజీకి అంశం నేనే ఇస్తున్నాను: "మా వీధిలో మారవలసినది ఒకటి. అది మారాలని నేనెందుకు అనుకుంటున్నాను?" వారు రాసింది ఓపికగా వినండి.